గడప దాటకుండా డోర్కింగ్ దాకా!

మధ్యాహ్నం అన్నాలయి, గిన్నెలు సర్దుకున్నాక మనకంటూ ఓ గంట దొరుకుతుంది చూశారూ, ఆ గంటలో కొందరు కునుకు తీస్తారు, కొందరు సీరియల్ పెట్టుకుంటారు, కొందరు ఫోనులో అక్కచెల్లెళ్ళతో కబుర్లేసుకుంటారు. నేను మాత్రం రెండేళ్ళ బట్టీ ఊళ్ళు తిరుగుతున్నాను. టిక్కెట్టు లేదు, పెట్టె సర్దుకునే పని లేదు, పాలబ్బాయికి రేపట్నుంచి వద్దని చెప్పక్కర్లేదు. చేతిలో సెల్‌ఫోను, అందులో గూగుల్ మ్యాపు. అంతే!

"అదేముందమ్మా, కారులో దారి చెప్పేదేగా" అనేస్తారేమో. దారి చెప్పే సంగతి మగవాళ్ళకి వదిలేద్దాం. అందులోనే, మనమే వీధి మధ్య నిలబడి చుట్టూ తిరిగి చూస్తున్నట్టు బొమ్మలు కనపడే ఏర్పాటు ఒకటుంది. స్ట్రీట్ వ్యూ అంటారు. ఇంట్లో పిల్లలందరికీ తెలుసు. మనకే ఎవరూ చెప్పరు!

వెనకటికి కాశీ వెళ్ళడమంటే ఎంత పని! ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి, కాశీ చూసుకుని తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. దారిలో తగిలిన ప్రతి ఊరి గురించీ, అక్కడ మకాముకి చోటుందా, నీళ్ళు బాగున్నాయా, సామాను దొరుకుతుందా అని పూసగుచ్చినట్టు స్నేహితుడికి రాశారు. ఇల్లు కదలనివాళ్ళు ఆ రాతలు చదువుకునే దేశం చూశారు. ఇప్పుడు ఇల్లు కదలనివాళ్ళం మనం వేలితో జరుపుకుంటూ చూస్తున్నాం.

పసుపుపచ్చ మనిషి

ఇది మొదలైంది 2007 మే 25న. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్, లాస్‌వేగాస్, మయామి, డెన్వర్ అని అయిదు ఊళ్ళతో. కారు పైన ఓ గెడ, గెడ కొసన గుండ్రటి కెమెరా, ఆ కెమెరాకి చుట్టూతా కళ్ళు. కారు పోతూంటే కొన్ని మీటర్లకోసారి అన్నివైపులా ఫొటోలు తీస్తుంది. ఏ ఫొటో ఎక్కడ తీశారో ఉపగ్రహం సాయంతో గుర్తు పడుతుంది. తర్వాత కంప్యూటరు ఆ ఫొటోల అంచులన్నీ కలిపి, మనం పాత చీరలతో బొంత కుట్టినట్టు కుట్టేస్తుంది. కుట్టు సరిగ్గా కుదరని చోట్ల సగం కుక్కా, ఒంటిచెయ్యి మనిషీ కనపడతారు. భయపడకండి.

కారు వెళ్ళలేని చోటికి కెమెరా వీపున మోసుకుని మనుషులే నడిచారు. ఎడారిలో ఒంటె మీద పెట్టారు. సముద్రంలో పగడాల దగ్గరికి దిగారు. 2017లో అంతరిక్షంలో తిరిగే స్టేషన్ లోపల కూడా తీశారు. 2022లో పదిహేనేళ్ళు నిండినప్పుడు కంపెనీవాళ్ళు చెప్పిన లెక్క ప్రకారం నూరుకి పైగా దేశాలు, 22 వేల కోట్ల ఫొటోలు, సుమారు కోటీ అరవై లక్షల కిలోమీటర్ల దారి! అప్పుడే పిల్లి అంత సైజులో చిన్న కెమెరా కూడా తయారుచేశామన్నారు.

ఇక మనం చూడాలంటే ఎలాగంటారా? ఫోనులో మ్యాపు తెరిచి ఊరి పేరో వీధి పేరో కొట్టండి. మ్యాపు మీద ఆ చోట వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఎర్ర గుర్తు పడుతుంది. ఓ మూల చిన్న ఫొటో వస్తే దాన్ని నొక్కడమే, వీధిలోకి దిగిపోతాం. రాలేదనుకోండి, పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఓ గుర్తుంటుంది. అది నొక్కి స్ట్రీట్ వ్యూ ఎంచుకుంటే వీధుల మీద నీలం గీతలు పడతాయి. గీత ఉన్న వీధిలోకి మనం వెళ్ళొచ్చు. గీత లేకుండా నీలం చుక్క ఒక్కటే ఉందంటే, ఎవరో మనలాంటి మామూలు మనిషి అక్కడ నిలబడి గుండ్రటి ఫొటో తీసి పెట్టారన్న మాట. కంప్యూటరులో అయితే ఇంకా తేలిక. కింద కుడివైపు చిన్న పసుపుపచ్చ మనిషి బొమ్మ ఉంటుంది. దాన్ని పట్టుకొచ్చి వీధి మీద వదిలితే సరి. అయితే ఒక్కటి, ఇంట్లో వైఫై ఉంటేనే తీరిగ్గా తిరగండి. లేకపోతే రోజూ వచ్చే డేటా గంటకల్లా అయిపోయి, సాయంత్రం పిల్లల చేత మాటలు పడాలి!

కాటన్ దొరగారి ఊరు

నన్ను ముందు ఎక్కడికి వెళ్ళావని అందరూ అడుగుతారు. ఈఫిల్ టవరో, తాజ్‌మహలో చెబుతాననుకుంటారు. నేను వెళ్ళింది డోర్కింగ్!

మన గోదావరి వాళ్ళకి కాటన్ దొరగారి గురించి చెప్పేదేముంది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన మనిషి. ఆ నీళ్ళతోనే కదా మనం అన్నం తింటున్నది. ఊరూరా ఆయన విగ్రహం ఉంది. గోదావరిలో స్నానానికి దిగి పితృదేవతలతోబాటు ఆయన పేరు కూడా తలుచుకునే పెద్దలుండేవారని మా అత్తగారు చెబుతారు. ఉద్యోగం అయిపోయాక ఆయన ఇంగ్లండులో, లండనుకి దక్షిణంగా సర్రే జిల్లాలో డోర్కింగ్ అనే ఊళ్ళో ఉన్నారు. 1899 జూలై 24న, 96 ఏళ్ళ వయసులో అక్కడే పోయారు. సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఆయన చివరి ఊరు ఎలా ఉంటుందోనని చిన్నప్పట్నుంచీ నాకో కుతూహలం.

పసుపుపచ్చ మనిషిని తీసుకెళ్ళి డోర్కింగ్‌లో ఓ నాలుగురోడ్ల కూడలిలో వదిలాను. వదిలేసరికి ఏం కనపడిందనుకున్నారు? కోడిపుంజు! పది అడుగుల ఎత్తు లోహపు పుంజు, కూడలి మధ్య తోక విరుచుకుని నిలబడి ఉంది. తర్వాత తెలిసింది, డోర్కింగ్ అని పేరుపడ్డ కోళ్ళ జాతే ఉందిట. మామూలు కోడికి కాలికి నాలుగు వేళ్ళుంటే దీనికి అయిదు. ఆ జాతి గౌరవార్థం 2007లో ఆ విగ్రహం పెట్టారు. సంక్రాంతి వస్తే భీమవరం వైపు పుంజుల కోసం ఎంతెంత దూరం నుంచి జనం వస్తారో మనకి తెలియనిదా! కాటన్ దొరగారి ఊరి పొలిమేరలో మనల్ని పలకరించేది పుంజేనంటే నాకు నవ్వాగలేదు.

అక్కణ్ణించి తూర్పుగా రైగేట్ రోడ్డు పట్టుకుని బాణం గుర్తు నొక్కుకుంటూ నడిచాను. మనలాగే అక్కడా బళ్ళు ఎడంవైపే పోతాయి, అందుకని తికమక లేదు. ఎర్ర ఇటుక ఇళ్ళు, ఏటవాలు పెంకులు, తీర్చినట్టు కత్తిరించిన పొదలు. ఆ రోడ్డులోనే శ్మశానం ఉంది. గేటు దాకా వెళ్ళి ఆగి, మా అత్తగారిని పిలిచి చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని అటూ ఇటూ తిప్పించుకుని చూశారు. "ఇక్కడ కాలవేదే అమ్మాయ్?" అన్నారు. కాలవ లేని ఊరు ఊరెలా అవుతుందని ఆవిడ అనుమానం. తరవాత చేతులెత్తి దణ్ణం పెట్టుకున్నారు, ఫోనుకే.

పిల్లలున్న ఊరు

నిజానికి మన జిల్లాల ఆడవాళ్ళకి ఇది బాగా పనికొచ్చేది మరో చోట. ఏ వీధిలో చూసినా ఒకరిద్దరు పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. వీడియో కాల్లో మొహాలు చూస్తాం, వంటిల్లు చూస్తాం. ఆ ఇంటి గుమ్మం బయట ఏముందో మనకి తెలియదు.

మా పెద్ద ఆడపడుచుగారి అమ్మాయి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటుంది. కొట్టు మైలు దూరమే అయినా కూరలు ఇంటికి తెప్పించుకుంటోందని వదినగారు ఒకటే సణుగుడు. "నేను నీ వయసులో సంతకి మూడు మైళ్ళు నడిచేదాన్ని" అని ప్రతి ఆదివారం పాఠమే. ఓ రోజు నేనే ఆవిణ్ణి కూర్చోబెట్టి ఆ అపార్టుమెంటు దగ్గర్నుంచి కొట్టుదాకా నడిపించాను. ఎండకి తెల్లబడ్డ విశాలమైన రోడ్డు, ఇటు మూడు వరసలు అటు మూడు వరసలు కార్లు. ఇరవై బాణాలు నొక్కినా నడిచే మనిషి ఒక్కడు తగల్లేదు. నీడకి చెట్టు లేదు, దాహానికి బడ్డీ కొట్టు లేదు. "ఇదేం ఊరు, పలకరించడానికి పురుగు లేదు" అన్నారు వదినగారు. ఆ ఆదివారం నుంచి కూరల పాఠం ఆగిపోయింది. ఆ ఊళ్ళోనే పార్కులో 2014లో పెట్టిన గాంధీగారి విగ్రహం ఉంది. అది దొరికాక ఆవిడ మనసు కొంచెం కుదుటపడింది.

అదే మా పిన్ని కూతురు ఉండే న్యూజెర్సీలో ఎడిసన్ వైపు ఓక్ ట్రీ రోడ్డుకి వెళ్ళండి. చీరల కొట్లు, బంగారం కొట్లు, మిఠాయి కొట్లు వరసాగ్గా. కొంతసేపు మన మెయిన్‌రోడ్డులో తిరుగుతున్నట్టే ఉంటుంది. పిల్ల కొత్తగా కాపురానికి వెళ్ళేముందో, హాస్టల్లో చేరేముందో ఇలా ఓసారి ఆ వీధిలో తిరిగొస్తే తల్లికి సగం దిగులు తీరుతుంది. బస్సు ఎక్కడ ఆగుతుంది, మెట్లెన్ని ఉన్నాయి, పక్కన ఏ దుకాణాలున్నాయి, అన్నీ కళ్ళారా చూడొచ్చు. మోకాళ్ళ నెప్పులున్నవాళ్ళు ఏ ఊరికి వెళ్ళేముందయినా గుడికి మెట్లున్నాయా అని చూసుకుంటే మంచిది కూడా.

ఐతే అక్కచెల్లెళ్ళారా, ఇక్కడే ఒక మెలిక ఉంది. మనం చూసేది ఇవాళ్టి వీధి కాదు. కారు వెళ్ళిన రోజు నాటిది. బొమ్మ అంచున నెలా సంవత్సరమూ చిన్న అక్షరాలతో ఉంటాయి. చూడగానే ముందు దాన్ని చదవాలి. అది చదవకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం.

మా బావగారి అమ్మాయికి ఓ సంబంధం వచ్చింది. కుర్రాడు డాలస్ దగ్గరే ఫ్రిస్కోలో ఉద్యోగం, సొంతిల్లు ఉందన్నారు. అమెరికా సంబంధాలంటే మనకి భయం ఉండనే ఉంది కదా. లేని ఉద్యోగం ఉందని, అయిన పెళ్ళి కాలేదని చెప్పి చేసుకున్న కథలు మన జిల్లాల్లో ఇంటికొకటి వినపడతాయి. బావగారు అడ్రసు పట్టుకుని మ్యాపులో కొట్టించారు. తీరా చూస్తే అక్కడ గడ్డి మైదానం! అటు చూసినా గడ్డే, ఇటు చూసినా గడ్డే. ఆయన కోపం చూడాలి. మధ్యవర్తికి అప్పటికప్పుడు ఫోను చేసి నాలుగు దులపబోతున్నారు. అమ్మాయే ఫోను లాక్కుని తేదీ చూసింది. 2016. తర్వాత పైనుంచి ఉపగ్రహం తీసిన కొత్త బొమ్మ పెట్టింది. అదే చోట వరసలు వరసలుగా ఇళ్ళ కప్పులున్నాయి. "పెదనాన్నా, ఊరు పెరగదా ఏంటి?" అని వాళ్ళ చిన్నాన్న కొడుకు నవ్వుతున్నాడు, ఈయనేమో మొహం తిప్పేసుకున్నారు. సాయంత్రం కుర్రాడే వీడియో కాల్లో ఇంటి ముందు నిలబడి ఇంటి నంబరు, వీధి పేరు రాసిన స్తంభం చూపించాడు. సంబంధం కుదిరిందా అంటారా, లేదు. జాతకాల దగ్గర ఆగిపోయింది. కానీ అబద్ధమాడాడన్న నింద మాత్రం ఆ పిల్లాడి మీద పడకుండా తప్పింది.

కాబట్టి వీధి బొమ్మని చూసి ఎవరి గుణమూ తేల్చెయ్యకండి, మంచికైనా చెడుకైనా. కొత్త పెద్ద బంగళా కనపడిందనుకోండి, అందులో ఉండేది వాళ్ళేనని ఆ బొమ్మ చెప్పదు. కొన్ని వీధులకి పాత సంవత్సరాల బొమ్మలు కూడా ఉంటాయి. కంప్యూటరులో 2014 నుంచీ, ఫోనులో 2022 నుంచీ అవి చూసే వీలుంది. ఖాళీ స్థలం ఏ ఏడు ఇల్లయిందో తెలుసుకోవచ్చు. ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలు తెలుసుకోవడానికే. అడగడం మనిషినే అడగాలి.

అమ్మ ఉన్న వీధి

అమెరికా వెళ్ళేవాళ్ళు విమానం ఎక్కితే ఊరంతా చెప్పుకుంటుంది. కోనసీమ నుంచీ, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచీ దుబాయి, కువైట్, మస్కట్ వెళ్ళే ఆడవాళ్ళ గురించి అంతగా మాట్లాడుకోం. ఎవరిళ్ళల్లోనో వంటా, పిల్లల పనీ చేసి, ఇక్కడ ఇల్లు కట్టుకోవడానికీ, ఆడపిల్ల పెళ్ళికీ పంపిస్తుంటారు. మా వీధి చివర ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఒకర్తి అమ్మమ్మ దగ్గర ఉంటుంది. వాళ్ళమ్మ దుబాయిలో ఉంది. మూడేళ్ళయింది వచ్చి వెళ్ళి. లెక్కలు చెప్పించుకోవడానికి మా అబ్బాయి దగ్గరకి వస్తుంది.

దుబాయి వీధులు 2014 నుంచీ ఇందులో ఉన్నాయి. ఓ రోజు ఆ పిల్ల కాయితం ముక్క పట్టుకొచ్చి, "అత్తా, అమ్మ ఉండే వీధి కనపడుద్దా?" అంది. కనపడింది. ఎత్తయిన గోడలు, ఇసకరంగు ఇళ్ళు, ఖర్జూరం చెట్లు, గోడపక్కన ఓ వేపచెట్టు. వేపచెట్టు చూసి సంబరపడిపోయింది. అక్కడ కూడా ఉంటాయా అని. తర్వాత మెల్లిగా వీధంతా నడవడం మొదలుపెట్టింది. దూరంగా ఎవరైనా ఆడమనిషి కనపడితే దగ్గరికి వెళ్ళి ఆగేది. ఇందులో మనుషుల మొహాలు కంప్యూటరే మసక చేసేస్తుంది, ఎవరూ గుర్తుపట్టకూడదని. మొహం లేని ఆ మనుషుల్ని పెద్దది చేసి, నడక చూసి, సంచీ చూసి, "అమ్మ కాదు" అనుకుంటూ ముందుకి పోయేది. ఆ బొమ్మ తేదీ చూస్తే వాళ్ళమ్మ వెళ్ళకముందుది. ఆ మాట నేను చెప్పాను. "తెలుసత్తా" అంది, అని మళ్ళీ చూసింది.

ఆ రాత్రి వాళ్ళమ్మ ఫోను చేస్తే ఈ పిల్ల ఆ వేపచెట్టు గురించే అడిగిందిట. ఆవిడ పొద్దున్నే చెత్త పడెయ్యడానికి ఆ చెట్టు దాకానే వస్తుందని చెప్పిందిట. నాకు అమ్మమ్మగారు చెప్పారు.

గల్ఫు వెళ్ళబోయేవాళ్ళున్న ఇళ్ళకి నాదొక్కటే మాట. ఏజెంటు ఇచ్చిన అడ్రసు ముందే తీసుకుని ఇందులో వేసి చూసుకోండి. పోలీసు స్టేషన్ ఎటు, బస్సు ఎటు, మన దేశపు దౌత్య కార్యాలయం ఎంత దూరం అన్నది వెళ్ళేమనిషికి ముందే చూపించి పంపండి. అడ్రసే ఇవ్వనన్న ఏజెంటుని నమ్మకండి.

బయటికి వెళ్ళలేనివాళ్ళు

ఇల్లు కదలకపోవడానికి అందరికీ వంటిల్లే కారణం అవ్వక్కర్లేదు. జాకీ కెన్నీ అని లండన్‌లో ఉండే న్యూజిలాండ్ ఆవిడ. జనంలోకీ బయటి చోట్లకీ వెళితే గుండెదడ పట్టే జబ్బు ఆవిడకి. అగోరాఫోబియా అంటారు. విమానం ఎక్కడం ఆవిడకి నరకం. అలాంటి మనిషి 2016లో ఇంట్లో కూర్చుని స్ట్రీట్ వ్యూలో మంగోలియా, పెరూ, సెనెగల్ వీధులన్నీ తిరగడం మొదలుపెట్టింది. నచ్చిన చోట ఆగి ఆ తెరని ఫొటోగా పట్టుకుంది. ఎడారిలో ఒంటరి ఇల్లు, దుమ్ములో కుక్క, గులాబీరంగు గోడ... 2017లో న్యూయార్క్‌లో వాటిని ప్రదర్శనకి పెట్టారు. ఆ ప్రదర్శన కోసం ఆవిడే భయాన్ని దిగమింగుకుని విమానమెక్కి వెళ్ళింది.

మన దగ్గర ఆలస్యం ఎందుకయింది?

మన దేశంలో 2011లోనే బెంగుళూరులో ఈ కార్లు తిరగడం మొదలుపెడితే నెల తిరక్కుండా పోలీసులు ఆపేశారు. 2016లో కేంద్రం కూడా కుదరదంది. బొంబాయి మీద 2008లో జరిగిన దాడి ఎవరూ మర్చిపోలేదు కదా, భద్రత మాటేమిటన్నారు. 2021లో మ్యాపుల నియమాలు మార్చారు. వీధుల్లో తిరిగి ఫొటోలు తీసే పని మన దేశపు కంపెనీలే చెయ్యాలన్న షరతు పెట్టారు. అలా జెనిసిస్, టెక్ మహీంద్రా కంపెనీలు తీసిన బొమ్మలతో 2022 జూలై 27న పది ఊళ్ళతో మొదలైంది. ఆ పదిలో మన తెలుగువాళ్ళకి దక్కింది హైదరాబాదు ఒక్కటే. ఆ తర్వాత ఒక్కో ఊరూ కలుస్తూ వస్తోంది. మీ వీధికి నీలం గీత పడిందో లేదో మీరే చూసుకోండి.

మన లంకల సంగతి వేరు. పంటు ఎక్కి గోదావరి దాటితే గాని చేరలేని ఊళ్ళకి కెమెరా కారు ఎప్పుడు వస్తుంది? ఫారో దీవులని ఐరోపాకి ఉత్తరాన సముద్రంలో ఉన్నాయి. అక్కడ మనుషులు యాభై వేలు, గొర్రెలు ఎనభై వేలు. తమ ఊళ్ళు ఇందులో లేవని అక్కడి పర్యాటక సంస్థలో పనిచేసే డురిటా అనే ఆవిడ 2016లో ఏం చేసిందంటే, గొర్రెల వీపుకి సూర్యరశ్మితో పనిచేసే కెమెరాలు కట్టి కొండల మీదికి వదిలింది! ఆ ముచ్చట లోకమంతా పాకి, ఆ ఏడే గూగుల్ వాళ్ళు కెమెరాలు పట్టుకుని వచ్చారు. ఈ కథ చెబితే మా లంక పెదనాన్నగారు, "మా గేదెలకి కట్టమ్మా, సాయంత్రందాకా నీళ్ళే కనపడతాయి" అన్నారు.

లేకుండా పోయిన ఊళ్ళు

జపానులో నామియే అని ఓ ఊరు. 2011 మార్చిలో భూకంపం, సునామీ వచ్చి ఫుకుషిమా అణు కేంద్రం పాడయినప్పుడు ఆ ఊరివాళ్ళు సుమారు 21 వేల మంది ఉన్నపళంగా ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు. అప్పట్లో తిరిగి వెళ్ళే వీల్లేకపోయింది. మా ఇల్లు ఎలా ఉందో, మా వీధి ఎలా ఉందో చూడాలని ఉందని జనం అడిగితే, మేయరు టమొట్సు బాబా గారే స్ట్రీట్ వ్యూ వాళ్ళని పిలిపించారు. 2013 మార్చిలో ఆ బొమ్మలు బయట పెట్టారు. పడిపోయిన ఇళ్ళు, సునామీ మోసుకొచ్చి పొలంలో పడేసిన పడవలు, ఒక్క మనిషి లేని దుకాణాలు. ఎక్కడెక్కడో తలదాచుకున్నవాళ్ళు అందులో తమ గుమ్మాలు చూసుకున్నారు.

ఇది చదివినప్పుడు నాకు మన దేవీపట్నం గుర్తొచ్చింది. పోలవరం కాఫర్ డ్యాము లేచాక 2019 వరద నుంచీ ఆ మండలంలో ఊళ్ళలోకి నీళ్ళు వెనక్కి తన్నడం, జనం పునరావాస కాలనీలకి చేరడం మనమంతా చూశాం. మా తోటికోడలి పిన్నిగారు అటు గోదారొడ్డు ఊరివారే. ఆవిడకి చూపిద్దామంటే వీధిలో దిగడానికి గీతా లేదు, చుక్కా లేదు. కంప్యూటరులో గూగుల్ ఎర్త్ అని ఇంకోటుంది. అందులో పాత సంవత్సరాల్లో ఉపగ్రహం తీసిన బొమ్మలుంటాయి. పైనుంచి చూసినట్టుంటుంది, అంతే. వరదలకి ముందరి ఏడాది పెట్టి ఇచ్చాను. రేవు దగ్గర మొదలుపెట్టి, "ఇది బడి, ఇది రాములవారి గుడి, ఇది మా పెదమావయ్యగారి దొడ్డి" అని వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, ఓ చింతచెట్టు పచ్చటి మచ్చ దగ్గర ఆగారు. చింతపండు ఎంత కాసేదో, ఏ ఏడు ఎవరికెంత పంచారో అరగంట చెప్పారు. మన పిల్లలు ఫోనుతోనే గుండ్రటి ఫొటోలు తీసి మ్యాపులో పెట్టొచ్చు. ఆ ఊళ్ళున్నప్పుడు ఎవరైనా ఓ పది తీసి ఉంటే ఆవిడ ఆ గుడి ముందు నిలబడి ఉండేవారు.

మన గుమ్మాలు

చివరిగా, మనల్ని మనం చూసుకునే సంగతి. పొద్దున్నే నైటీ మీద తువ్వాలు వేసుకుని కళ్ళాపి జల్లుతున్నప్పుడు ఆ కారు వెళ్ళిందనుకోండి, లోకమంతా చూస్తుంది. మొహం, బండి నంబరు మసక చేస్తారులెండి. ఇంగ్లండులో ఓ ఆవు మొహాన్ని కూడా మనిషి మొహమనుకుని మసక చేసేస్తే 2016లో అందరూ నవ్వుకున్నారు. ఐనా మన చీర, మన నడక వీధివాళ్ళకి తెలియకుండా ఉంటుందా? అభ్యంతరమైతే ఆ బొమ్మ మూల ఉన్న మెనూలో సమస్య తెలియజేయమనే మాట నొక్కి, మన ఇంటిని మసక చెయ్యమని అడగొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. జర్మనీలో 2010లో రెండు లక్షల నలభై వేల పైచిలుకు ఇళ్ళవాళ్ళు అలా అడిగారు. ఒకసారి మసక చేశాక మాత్రం మళ్ళీ తియ్యరు. అది గుర్తుపెట్టుకుని అడగండి.

మా ఎదురింటి పిన్నిగారి అబ్బాయికి హైదరాబాదులో ఇల్లుంది. అతను వేరే ఊరికి మారి ఆ ఇల్లు అద్దెకిచ్చాడు. అద్దెకొచ్చినవాళ్ళు గేటూ కిటికీలూ అందరికీ కనపడుతున్నాయి, మసక చేయించమని అడిగారుట. అతను సరేనని, పిన్నిగారికి మాటవరసకి చెప్పాడు. ఆవిడ నా దగ్గరకొచ్చి, "ఓసారి ఆ ఇల్లు చూపించమ్మా" అన్నారు. చూస్తే గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో పేపరు చదువుకుంటూ బాబాయిగారు. మొహం మసకే. ఆ కూర్చోడం, ఓ చెప్పు విడిచి కాలు కుర్చీ మీద పెట్టుకోవడం ఆయనదే. ఆయన పోయి ఏడాదిన్నరయింది. పిన్నిగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అబ్బాయికి ఫోను చేసి, మసక చెయ్యమని అడగొద్దని చెప్పారు. అద్దెకున్నవాళ్ళతో కూడా ఆవిడే మాట్లాడి ఒప్పించారు. వాళ్ళ కిటికీలకి కర్టెన్లు కూడా ఆవిడే కొనిచ్చారుట.